బట్టతలవాడి ఆరో గోలు

టీ నీళ్ళు కాగే సమోవార్ పొగ పెరడంతా కమ్మేసింది. "ఎవరే అందులో పచ్చి పుల్లలు వేసిందీ?" అని కంషత్ లోపల్నుంచే కేకేసింది. వేసింది తనేనని ఆవిడకీ తెలుసు. పొద్దున్నే ఎవరో ఒకరి మీద ఓ కేక వేయకపోతే ఆవిడకి తెల్లారినట్టుండదు.

టీవీ ముందు ఆవిడ మొగుడు సెయిల్‌ఖాన్ బొంతల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. కెంతావ్ ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఈసారి ప్రపంచ కప్పు భూమికి అవతలి వైపు జరుగుతోంది కాబట్టి ఫుట్‌బాల్ ఆటలు ఇక్కడ సరిగ్గా టీ వేళకి వస్తున్నాయి. ఆయన ఒళ్ళో ఆరేళ్ళ ఇంజు, నోట్లో నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టె ముక్క.

ఇంజు ఆయన్ని "నాన్నా" అంటుంది, కంషత్‌ని "అమ్మా" అంటుంది. కన్నతండ్రి దౌరెన్ ఆ పిల్లకి "అన్నయ్య". కన్నతల్లి రౌషన్ "వదిన". ఇందులో వింతేం లేదు. ఇంటికి మొదటి మనవరాలు. పుట్టిన నలభయ్యో రోజున తాతా నానమ్మల ఒళ్ళోకి వచ్చేసింది, ఇక్కడ అన్ని ఇళ్ళలో మొదటి బిడ్డ వచ్చినట్టే. కంషత్ పెద్దకొడుకు నుర్తాస్ కూడా అలాగే వాళ్ళ నానమ్మ దగ్గర పెరిగాడు. ఇప్పుడతనికి నలభై దాటాయి. పెళ్ళీ పెటాకులూ లేకుండా కాస్పియన్ ఒడ్డున చమురు బావుల్లో పని చేస్తున్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "వదినా, బాగున్నావా?" అంటాడు. "బాగున్నా నాయనా" అంటుంది కంషత్. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు ఆవిడకి.

చిన్నకొడుకు దౌరెన్‌కి అక్తోబెలో రైల్వే ఉద్యోగం. రౌషన్ అక్కడే ఆసుపత్రిలో నర్సు. ఏటా ఎండాకాలం వస్తారు, పిల్లకి గౌన్లు తెస్తారు, నెల్లాళ్ళుండి వెళ్ళిపోతారు. ఈసారి మాత్రం కోడలి మనసులో ఏదో ఉందని కంషత్‌కి వచ్చిన రోజే అర్థమైంది. గౌన్లతోపాటు బడి సంచీ కూడా తెచ్చింది మరి.

ఆ పొద్దున రౌషన్ గుమ్మం దగ్గర అత్తమామలకి వంగి దండం పెట్టి, తిండి పెట్టే దస్తర్‌ఖాన్ బట్ట నేల మీద పరిచి, టీ పోయడం మొదలుపెట్టింది. గిన్నెలో సగానికి కాస్త తక్కువగా, మర్యాదగా. నిండా పోస్తే ఇక లేచి దయచెయ్యండి అన్నట్టే కదా. మామగారికి మూడో గిన్నె అందిస్తూ, కళ్ళెత్తకుండా అంది.

"మామయ్యా, సెప్టెంబరులో ఇంజు బడికెళ్ళాలి. మా ఇంటి ఎదురుగానే మంచి బడి ఉంది. ఈ ఏడు... మాతో తీసుకెళ్దామనుకుంటున్నాం."

కంషత్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. దౌరెన్ గోడ మీది తివాచీలో పువ్వులు లెక్కపెడుతున్నట్టు మొహం పెట్టాడు. తల్లి ముందు నోరు పెగలని మొగుడు, ఏం చేస్తాడు పాపం.

సెయిల్‌ఖాన్‌కి కష్టమైన మాట వినిపించినప్పుడల్లా చెవుడొస్తుంది. "అబ్బ, ఏం తన్నాడే!" అన్నాడు టీవీ వైపు చూస్తూ. "చూశావా కోడలా? ఈ కప్పులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టేది ఈ బట్టతలవాడే. రాసుకో."

"పిలకవాడు కొడతాడు మామయ్యా" అంది రౌషన్ మెల్లగా. అయిదుగురు అన్నదమ్ముల మధ్య పెరిగిన పిల్ల, ఆట తెలుసు. "బట్టతలాయనకి ఎడంకాలు లేదు. ఒంటికాలితో ఎన్నాళ్ళు కొడతాడు?"

ఆ ఆటగాళ్ళకి వేరే పేర్లున్నాయి గానీ కంషత్‌కి నోరు తిరక్క పెట్టిన పేర్లే ఇంటిల్లిపాదికీ అలవాటయ్యాయి.

సెయిల్‌ఖాన్‌కి హుషారొచ్చేసింది. పందెమంటే ఆయనకి పిచ్చి. రెండేళ్ళ కిందట బెట్టింగ్ షాపులో ఇలాగే ఎవడో గోల్స్ కొడతాడని పెన్షన్ డబ్బంతా పెట్టి పోగొట్టుకుంటే, కంషత్ ఆ షాపుకే వెళ్ళి అందరి ముందూ చెవి మెలేసి లాక్కొచ్చింది. అప్పట్నుంచి డబ్బు పందేలు బంద్. ఇప్పుడన్నీ నోటి పందేలే. ఓడినవాడు సమోవార్ తోమాలి, ఓడినవాడు గొర్రెకి మేత వెయ్యాలి, ఇలాంటివి.

"అయితే పందెం కాద్దామా?" అన్నాడు చెయ్యి చాపి. "నీ పిలకవాడు గెలిస్తే పిల్లని తీసుకెళ్ళు. నావాడు గెలిస్తే ఇక్కడే బడి. సమానమైతే ఉన్నది ఉన్నచోటే."

నవ్వులాటకే అన్నాడు. కోడలు సిగ్గుపడి లేచిపోతుంది, మాట అక్కడితో సద్దుమణుగుతుందని ఆయన లెక్క. రౌషన్ లేవలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, కుడిచెయ్యి తెచ్చి మామగారి చేతిలో పెట్టింది.

మామ మాటకి ఎదురు చెప్పే నోరు కోడలికి లేదు. పందెం కాసే చెయ్యి మాత్రం ఆయనే చాపి ఇచ్చాడు. దాన్ని ఆ పిల్ల వదులుకోలేదు.

సెయిల్‌ఖాన్ ఇరుక్కుపోయాడు. వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. "ఇంజూ, చేతులు విడగొట్టు తల్లీ" అన్నాడు గొంతు సవరించుకుని. పందెం ఖాయం చెయ్యాలంటే మూడో మనిషి వచ్చి కలిపిన చేతులు విడగొట్టాలి. ఇంజు బౌర్సాక్ నోట్లో కుక్కుకుని, చిన్న అరచెయ్యి కత్తిలా నిటారుగా పెట్టి, "ఠప్!" అంటూ ఒక్కటేసింది. ఎవరి గురించో తెలీకుండానే కిలకిలా నవ్వింది.

"సిగ్గులేదూ నీకు? అది పిల్లా, గొర్రెపిల్లా?" అని పెరట్లో మొగుణ్ణి దులిపేసింది కంషత్.

"నేనేం చేసేది? చెయ్యి పెడుతుందనుకున్నానా? నువ్వేం బెంగపడకు. బట్టతలవాడు నిప్పు."

బట్టతలవాడు నిప్పో నీళ్ళో గానీ, ఆ రోజునుంచీ కంషత్‌కి నిద్ర పట్టలేదు. జన్మలో బంతి వైపు చూడని మనిషి చీకటితోనే లేచి టీవీ ముందు కూర్చునేది. జోస్యానికి వాడే తెల్ల చిక్కుడు గింజల సంచీ విప్పి, రెండు టీ గిన్నెలు అలమర మీద పెట్టింది. నీలం గిన్నె బట్టతలవాడిది, ఎర్రది పిలకవాడిది. గోలు పడ్డప్పుడల్లా ఇంజు ఒక గింజ వేసేది. ఆ గింజలతో ఊళ్ళోవాళ్ళందరికీ జోస్యం చెప్పే కంషత్, ఇంజు గురించి మాత్రం ఒక్కసారీ పరిచి చూడలేదు. చూడాలంటే భయం.

"ఏమేవ్, నిన్ను చూస్తే ఆ టీముకి కోచ్‌లా ఉన్నావు" అనేవాడు సెయిల్‌ఖాన్.

"మాట్లాడకు. వాడికి బంతి అందించరేం ఆ దరిద్రులు?" అనేది ఆవిడ.

పిల్లని ఆవిడ ఎలా కళ్ళల్లో పెట్టుకు చూసుకుందో ఆ ఇంటి గోడల్ని అడగాలి. దగ్గొస్తే గొర్రె కొవ్వు రాసి రాత్రంతా గుండెకి హత్తుకునేది. ఇంజు లేని ఇల్లు తలుచుకునేది. ఈ ముసలాయనతో రోజంతా ఏం మాట్లాడాలి? ఎవరికి జడ వెయ్యాలి?

రౌషన్ అన్ని పనులూ ఎప్పటిలాగే చేసుకుపోయింది. ఆప్రికాట్లు కోసి చాపల మీద ఎండబెట్టింది, బొంతలు ఉతికింది. ఒక్కటే మార్పు. సాయంత్రాలు ఇంజుని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేది. "వదినా, నీ చెయ్యి మందు వాసనొస్తోంది" అనేది పిల్ల. రౌషన్ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు కంషత్ చూసేది, చూసి మొహం తిప్పుకునేది.

సెమీఫైనల్ నాటికి రెండు గిన్నెల్లోనూ అయిదేసి గింజలు. ఆ పొద్దున బట్టతలవాడు కొట్టిన బంతి అవతలివాడి మోకాలికి తగిలి వంకర తిరిగి గోల్లో పడింది. సెయిల్‌ఖాన్ గంతేశాడు. ఇంజు నీలం గిన్నెలో ఆరో గింజ వేసింది. కంషత్ రెండు చేతులతో మొహం తడుముకుని దేవుడికి దండం పెట్టింది. కానీ చివరికి ఆ టీమే ఓడిపోయి కప్పుకి దూరమైంది. "ఛీ! ఇక వీళ్ళ మొహం చూడను" అని సెయిల్‌ఖాన్ పెరట్లోకి పోయాడు. ఇంజు వెంట పరిగెత్తింది.

టీవీ కట్టేద్దామని కంషత్ లేచింది. అప్పుడే టీవీలో మనిషి చెప్పాడు, ఆ గోలు బట్టతలవాడి ఖాతాలోకి రాదట. బంతి గోలు వైపు పోవడం లేదట, అవతలివాడి మోకాలే దాన్ని లోపలికి పంపిందట. నిర్వాహకులు మార్చి రాశారట. బట్టతలవాడివి అయిదే.

కంషత్ టీవీ కట్టేసింది. అలమర దగ్గరకెళ్ళింది. నీలం గిన్నెలోకి వేళ్ళు పెట్టింది. ఒక్క గింజ. తీసి సంచీలో వేస్తే అయిపోతుంది. వేళ్ళు తిరిగి బయటికొచ్చేశాయి, ఖాళీగా. 'నాకేం తెలుసు ఆటల సంగతి? నేనేం వినలేదు' అనుకుంది. ఒంటరిగా ఉన్న గదిలో కూడా చెంపలు వేడెక్కాయి ఆవిడకి.

మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బట్టతలవాడు దిగనే లేదు. సెమీఫైనల్ అయిన నాలుగు రోజులకి ఫైనల్. పిలకవాడి టీమే ఆడుతోంది. ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా పిలకవాడు తలతో ఒక్కటి కొట్టాడు. ఎర్ర గిన్నెలో ఆరో గింజ. ఆట ముగిసిందని ఈల మోగీ మోగకముందే కంషత్ లేచి టీవీ కట్టేసింది.

"అదేంటే, బహుమతులు ఇస్తారు కదా!" అన్నాడు సెయిల్‌ఖాన్.

"కళ్ళు మండుతున్నాయి నాకు."

ఇంజు గిన్నెలు తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పెట్టింది. ఇటు ఆరు, అటు ఆరు. సెయిల్‌ఖాన్ తొడ చరిచాడు. "సమానం! సమానమైతే ఉన్నది ఉన్నచోటే. ఏమ్మా కోడలా, మాట మాటే కదా?"

రౌషన్ ఖాళీ టీ గిన్నెలు ఏరడం మొదలుపెట్టింది. దౌరెన్ మాత్రం ఫోన్ చూసి తలెత్తాడు. "నాన్నా, ఎక్కువ గోల్స్ కొట్టినందుకు బంగారు బూటు పిలకవాడికే ఇచ్చారు. ఒక్కడికే. అతనివి ఆరు, బట్టతలవాడివి అయిదు."

"అయిదేంట్రా? ఆరు! నా కళ్ళతో చూశాను. గింజలు అబద్ధమాడతాయా?"

"సెమీఫైనల్లో కొట్టిన గోలు తీసేశారు. ఇదుగో, ఇక్కడ రాసి ఉంది."

"నీ ఫోన్లో మా తాత కూడా బతికే ఉన్నాడని రాస్తారు! ఇంతకుముందు లేనిది ఇప్పుడెలా వచ్చింది?" సెయిల్‌ఖాన్ మొహం ఎర్రబడింది. నిజంగానే ఆయనకి తెలీదు. పిల్ల వెళ్ళిపోతుందేమోనన్న భయం కోపంగా మారి, ఎవరి మీద పడాలో వెతుక్కుంది. చివరికి కోడలి మీద పడింది. "ఈ గిన్నెలు రోజూ తుడిచేది నువ్వు కాదూ? ఎర్రదాన్లో ఒక గింజ ఎక్కువ వేశావేమో! నీ పిలకవాడికి నిజంగా ఆరు ఉన్నాయా?"

"నాన్నా!" దౌరెన్ లేచి నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి తండ్రి ముందు గొంతు పెంచాడు. "ఇంక చాలు. అది దొంగతనం చేస్తుందా? కన్నపిల్ల వదినా అని పిలుస్తుంటే ఆరేళ్ళు నోరు మూసుకుని నీకు టీ పోసింది. దాన్నా నువ్వు..."

"అరవకండి" అంది రౌషన్ మెల్లగా. "పిల్ల భయపడుతుంది." ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ ఒక్కసారి, ఒక్కసారే, అత్తగారి వైపు చూసింది.

ఆ చూపు చాలు కంషత్‌కి. తెలుసు. ఈ పిల్లకి తెలుసు. గింజ తియ్యని ఆ రోజు గుమ్మం దగ్గర ఎవరో కదిలినట్టనిపించింది, గాలి అనుకుంది. ఇది ఆప్రికాట్ల బుట్టతో నిలబడి అంతా చూసింది. నాలుగు రోజులుగా మొగుడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు దొంగ అనిపించుకుంటూ కూడా చెప్పడం లేదు.

కంషత్‌కి ఇంకో గుమ్మం గుర్తొచ్చింది. నలభయ్యేళ్ళ కిందట, ఇదే ఇంట్లో. అత్తగారు నుర్తాస్‌ని పొత్తిళ్ళలో ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోతుంటే, ఇరవయ్యేళ్ళ తను ఆ గుమ్మం పట్టుకుని నిలబడింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు. ఒక్క మాట అనలేదు తను. ఏ కోడలూ అనదు కాబట్టి. ఇన్నేళ్ళూ అదే మర్యాద అనుకుంది. ఇప్పుడు ఎదుటి మనిషి మొహంలో చూస్తే గానీ అది ఎంత నొప్పో తెలిసిరాలేదు.

"గింజ ఎక్కువున్నది ఎర్ర గిన్నెలో కాదు" అంది కంషత్. "నీలందాన్లో."

అందరూ అటు తిరిగారు. ఆవిడ నీలం గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక గింజ తీసి, మొగుడి ముందు పెట్టింది.

"ఆ రోజే టీవీలో చెప్పారు. నేను విన్నాను. విని తియ్యలేదు. దొంగని నేను. కోడల్ని అన్నావే, నన్నను ఇప్పుడు."

"నువ్వా?" సెయిల్‌ఖాన్ నోరు తెరిచి చూశాడు. "ఎందుకే?"

"ఎందుకేంటి? పిల్లని పంపి బతకగలనా నేను?" కంషత్ ఆ గింజని ఆయన వైపు తోసింది. "కానీ ముసలాయనా, నుర్తాస్ ఆదివారం ఫోన్ చేసినప్పుడు నువ్వెప్పుడైనా నా మొహం చూశావా? నేను కన్న కొడుకు. నలభయ్యేళ్ళుగా వాడికి నేను వదిన్ని. ఒక్కసారి అమ్మా అంటాడేమోనని ప్రతి ఆదివారం ఫోన్ ఎత్తుతాను. అనడు. వాడికి తెలీదు కదా అలా అనడం. తప్పెవరిది? నేను నోరు విప్పలేదు, నాదే. ఈ పిల్ల విప్పలేక నీ చేతిలో చెయ్యి పెట్టింది. ఆ మాత్రం ధైర్యం నాకు లేకపోయింది."

రౌషన్ గిన్నెలు వదిలేసి అత్తగారి పక్కన కూలబడింది. "అత్తయ్యా, నేను మీరే చెప్తారని... మీరు చెప్పకపోతే వెళ్ళిపోదామనుకున్నాను, పిల్ల లేకుండానే. మీ మీద ఒట్టు, ఎవరికీ చెప్పేదాన్ని కాదు."

"అదే తప్పంటున్నాను! చెప్పాలి! కేకలెయ్యాలి! నన్ను చూడు, పొద్దున్నే సమోవార్ మీదైనా కేకలేస్తాను." ఏడుస్తూనే కసిరింది కంషత్. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. దౌరెన్ ఏం చెయ్యాలో తెలీక ఫోన్‌ని జేబులో పెట్టి తీసి, తీసి పెట్టాడు.

సెయిల్‌ఖాన్ ఆ ఒక్క గింజని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన కోపం ఎటు పోయిందో పోయింది. ఆదివారం ఫోన్ మోగినప్పుడల్లా తను పెరట్లోకి ఎందుకు వెళ్ళిపోయేవాడో ఆయనకి మాత్రం తెలీదా?

"కోడలా" అన్నాడు చివరికి. "నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పందెం నేను ఓడిపోయాను. అసలు కాయకూడని పందెం. సెప్టెంబరుకి పిల్ల నీది." అని ఆగి, "శీతాకాలం సెలవులకి మాత్రం పంపించాలి. పందెం లేదు, అడుగుతున్నాను" అన్నాడు.

"ప్రతి సెలవుకీ పంపిస్తాను మామయ్యా. మీరిద్దరూ కూడా రావాలి."

ఇంజు తలుపు పక్కన నిలబడి అందర్నీ మార్చి మార్చి చూస్తోంది. కంషత్ కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపి దగ్గరికి పిలిచింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఊడిపోయిన జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. అసలైన పని ఇప్పుడు చెయ్యాలి. పిల్లని పంపడం కన్నా కష్టమైన పని.

"ఇంజూ, ఇవాళ్టినుంచి నన్ను నానమ్మా అనాలి."

"ఎందుకమ్మా?"

"నేను నీ నానమ్మని కాబట్టి. మీ నాన్న దౌరెన్. వాడికి నేను అమ్మని. అను చూద్దాం."

"నానమ్మా" అంది ఇంజు. కొత్త చెప్పులు వేసుకున్నట్టు ఇంకోసారి అని చూసుకుంది. "నానమ్మా. మరి వదిన్ని ఏమనాలి?"

కంషత్ వేళ్ళు జడలో ఆగిపోయాయి. చెప్పబోయింది. ఆరేళ్ళు తన పేరైన మాట అది. దాన్ని తన నోటితో తీసి ఇంకొకరికి ఇవ్వాలి. ఊపిరి పీల్చుకుని, వంగి, పిల్ల చెవిలో చెప్పింది. అందరికీ వినపడేలా చెప్పే బలం ఆవిడకి లేకపోయింది.

అప్పటికే రౌషన్ గిన్నెలు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది. ఇంజు సగం అల్లిన జడతోనే ఒళ్ళోంచి దిగి అటు పరిగెత్తింది. లోపల్నుంచి ఆ పిల్ల గొంతు ఇల్లంతా వినిపించింది.

"వదినా, వదినా! నువ్వు అమ్మవట! నానమ్మ చెప్పింది!"

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

కంషత్ ఖాళీ అయిన ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. సెయిల్‌ఖాన్ కిందికీ మీదికీ చూసి, దగ్గి, "ఈ ఇంట్లో టీ పోసేవాళ్ళే లేరా?" అని గొణుక్కుంటూ సమోవార్ తనవైపు తిప్పుకున్నాడు. పెళ్ళైన నలభై మూడేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. ఒక గిన్నెలో టీ పోసి పెళ్ళాం ముందు పెట్టాడు. సగానికి కాస్త తక్కువగా, మర్యాదగా.